ఇంటిల్లిపాదీ పెంచాల్సిన కుందేలు

ముద్దుగా ఉందని కొని, నెల తిరక్కుండా పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. సరైన గడ్డి, చల్లని చోటు, కనిపెట్టి చూసే కళ్లు ఉంటే అదే కుందేలు పదేళ్లపాటు మనతో ఉంటుంది.

పెట్‌షాపులో కుందేలు పిల్లను చేతిలోకి తీసుకోగానే పిల్లలు పేరేం పెడదామంటారు, పెద్దలు ధరెంత అంటారు. అన్నిటికంటే ముందు అడగాల్సింది దాని వయసు. అరచేతిలో ఇమిడే పిల్లకు చాలాసార్లు నెల కూడా నిండి ఉండదు. అంత చిన్నదైతేనే చూడముచ్చటగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటేనే తొందరగా అమ్ముడుపోతుంది. నిజానికి ఎనిమిది వారాలు నిండేదాకా పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. పాలు మాని గడ్డికి మారే ఆ వారాల్లోనే దాని పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కుదురుకుంటాయి. తల్లి గూట్లో వదిలిన పెంటికలను కొరుకుతూ పిల్ల వాటిని సంపాదించుకుంటుంది. ఆ పని సగంలో ఉండగా విడదీసి, ఇనుప బోనులో ఎండకు పెట్టి, అట్టపెట్టెలో బైకు మీద ఇంటికి తెచ్చి, పాలలో బ్రెడ్డు నానేసి పెడితే ఏమవుతుంది? విరేచనాలు పట్టుకుంటాయి. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ‘కుందేళ్లు సున్నితం, మన ఇళ్లలో బతకవు’ అని ఏడుస్తున్న పిల్లలకు పెద్దలు సర్దిచెబుతారు.

బతుకుతాయి. ఇంట్లో జాగ్రత్తగా పెంచిన కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ‘పీటర్ ర్యాబిట్’ కథలు రాసిన ఆంగ్ల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఇంట్లో ఆ పేరుకు మూలమైన కుందేలు తొమ్మిదో ఏట, 1901 జనవరిలో చనిపోయింది. అంటే మందులూ పశువైద్యమూ ఇంత లేని రోజుల్లోనే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1964లో దొరికిన ఫ్లాప్సీ అనే కుందేలు పద్దెనిమిదేళ్లు దాటి బతికి గిన్నిస్ రికార్డులకెక్కింది. నాలుగో తరగతి పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకున్న కుందేలు వాడు ఇంటర్ హాస్టల్‌కు వెళ్లే నాటికీ ఇంట్లోనే ఉంటుందని లెక్కవేసుకుని తెచ్చుకోవాలి. అందుకే కుందేలును పిల్లలకు బహుమతిగా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. అది ఇంటికి రావాలి. దాని పూచీ పెద్దలది. పిల్లలు అందులో పాలుపంచుకుంటారు, అంతే.

ఇంకో సంగతి దుకాణంలో చెప్పరు. ‘ఇది ఇంతే ఉంటుందండీ, పెద్దగా పెరగదు’ అని అమ్మే తెల్లటి, ఎర్ర కళ్ల పిల్లల్లో చాలావరకు న్యూజిలాండ్ వైట్ అనే మాంసపు జాతివి, లేదా దాని సంకరాలు. అది పెరిగితే నాలుగు కిలోల దాకా తూగుతుంది. పైగా ఆ ఎర్ర కళ్లకు రంగునిచ్చే పదార్థం ఉండదు కాబట్టి తీవ్రమైన వెలుతురు పడదు. 2018లో కేంద్రం తెచ్చిన పెట్‌షాపు నిబంధనల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం గోడకు వేలాడుతోందేమో చూడండి. లేకపోతే ఆ దుకాణం వదిలేయడమే మంచిది.

మన పొలాల్లో, తుప్పల్లో కనిపించే చెవులపిల్లి వేరే జంతువు. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. ఇంట్లో పెంచే కుందేలు పిల్లలు నున్నటి ఒంటితో, మూసిన కళ్లతో పుడతాయి. ఈ పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు బొరియల్లో బతికినవి. చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కోతల వేళ చేలో దొరికిందని పిల్లను ఇంటికి తేవడం నేరం. ఉన్నచోటే వదిలేస్తే తల్లి వచ్చి పాలిచ్చి పోతుంది.

గడ్డి మేసేది నోరొక్కటే కాదు

కుందేలు అనగానే అందరికీ క్యారెట్ గుర్తొస్తుంది. ఆ దుంపలో చక్కెర ఎక్కువ. వారంలో రెండు మూడు చిన్న ముక్కలు చాలు. దాని అసలు తిండి గడ్డి. రోజు మొత్తం తిండిలో ఎనభై శాతానికి తగ్గకుండా గడ్డే ఉండాలి, అదీ ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండాలి.

కారణం పళ్లలో ఉంది. కుందేలుకు 28 పళ్లు, బతికున్నంత కాలం అన్నీ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. పీచు గడ్డిని గంటల తరబడి పక్కకూ పక్కకూ నూరితేనే అవి అరిగి సమంగా ఉంటాయి. గడ్డి తక్కువై, మెత్తటి దాణా ఎక్కువైతే దవడ పళ్ల అంచులు ముళ్లలా పొడుచుకొచ్చి నాలుకను, బుగ్గను కోస్తాయి. గడ్డం తడిగా ఉంటుంది, ఇష్టమైన కొత్తిమీర కూడా నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. ఇంట్లోవాళ్లు అలిగిందనుకుంటారు.

కడుపు సంగతి ఇంకా ముఖ్యం. పీచు కదిలిస్తేనే కుందేలు పేగులు కదులుతాయి. జీర్ణం కాని పీచు గట్టి పెంటికలుగా బయటికి వస్తుంది. మిగిలిన మెత్తటి భాగం పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలోకి వెళ్లి, సూక్ష్మజీవుల సాయంతో పులిసి, ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ బయటికొస్తుంది. దాన్ని కుందేలు తిన్నగా నోటితో అందుకుని మింగేస్తుంది. ఎక్కువగా రాత్రివేళో, తెల్లవారుజామునో జరుగుతుంది కాబట్టి చాలామంది కంట పడదు. చూసినవాళ్లు ఛీ అని అదిలిస్తారు. అదిలించకూడదు. బి విటమిన్లూ మాంసకృత్తులూ దానికి అందే దారి అదే. ఆ మెత్తటి పెంటికలు తినకుండా నేల మీద పడి ఉంటే మాత్రం దాణా ఎక్కువైందనో, ఒళ్లు పెరిగి వంగలేకపోతోందనో అర్థం.

కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది వెనక నుంచే బయటికి రావాలి. ఆ దారి ఆగిందంటే ప్రాణానికే ముప్పు.

ఏ గడ్డి? పుస్తకాల్లో కనిపించే తిమోతి గడ్డి చల్లని దేశాలది. ఇక్కడ దిగుమతి సరుకుగా దొరుకుతుంది, ఖరీదెక్కువ. కొనగలిగితే మంచిదే. కొనలేకపోతే మన గరిక ఉంది. వినాయకచవితికి బజార్లో కట్టలు కట్టి అమ్మే గరికే. మురుగు, కుక్కల తిరుగుడు, కలుపుమందు లేనిచోట కోసి, దుమ్ము కడిగి, నీడలో పలుచగా పరిచి ఆరబెట్టుకుంటే చక్కటి ఎండుగడ్డి అవుతుంది. ఎండలో పెడితే రంగూ వాసనా పోతాయి, కుందేలు ముఖం తిప్పుకుంటుంది. తడి ఆరకుండా సంచిలో కుక్కితే బూజు పడుతుంది. బూజు వాసన వచ్చిన గడ్డి ఎంత కష్టపడి తెచ్చిందైనా పారేయాల్సిందే. పాడి ఉన్నవాళ్లు పెంచే దశరథ గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి కొంచెం కలపవచ్చు. లూసర్న్ ఆరు నెలల లోపు పిల్లలకు మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే అందులోని కాల్షియం మూత్రాశయంలో రాళ్లకు దారితీస్తుంది. వరిగడ్డిలో సారం లేదు, పరుపుగా వేయడానికి పనికొస్తుంది. పశువులకే ప్రమాదమైన లేత జొన్నచొప్ప జోలికి అసలు పోవద్దు.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు, తులసి ఇష్టంగా తింటుంది. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ. మునగాకులో కాల్షియం ఎక్కువ, అప్పుడప్పుడూ ఓ రెమ్మ చాలు. బజారు కూరల మీద పురుగుమందు ఉంటుంది కాబట్టి నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగే పెట్టాలి. మిద్దెతోట ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మందు కొట్టని ఆకులు కుందేలుకు, దాని పెంటికలు మొక్కలకు. ఆవుపేడలా కుళ్లబెట్టాల్సిన పని లేకుండా నేరుగా కుండీలో వేసుకోగల ఎరువు అది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అవకాడో, చాక్లెట్ దాని దరికి రానివ్వకూడదు. గుమ్మం ముందు గన్నేరు చెట్టుంటే కుందేలును అటు వదలనే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఉమ్మెత్త కూడా అంతే. మనీప్లాంట్ తీగను అందనంత ఎత్తులో కట్టుకోవాలి.

మన ఇళ్లలో చిక్కంతా ప్రేమ దగ్గర వస్తుంది. మనకు ప్రేమ అంటే పెట్టడమే.

“నానమ్మా, మళ్లీ బిస్కట్ పెట్టావా?”

“అర ముక్కేనమ్మా. ఎంత ఆశగా చూసిందో! ఎప్పుడూ గడ్డేనా పాపం?”

అన్నం మెతుకులు, చపాతీ ముక్క, మరమరాలు, అరటిపండు ఇలాగే లోపలికి వెళతాయి. పిండిపదార్థం, చక్కెర ఒక్కసారిగా అందితే పేగుల్లో చెడు సూక్ష్మజీవులు పెరిగి గ్యాస్ పట్టేస్తుంది. నానమ్మను వద్దని ఊరుకుంటే సరిపోదు, ఆమె చేత్తో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. మా ఇంట్లో సాయంత్రం పుదీనా కట్ట ఆమెకే అప్పగించాం. ఇప్పుడు ఆమె చీరకుచ్చిళ్లు పట్టి లాగితే ‘వచ్చావా తల్లీ’ అంటూ ఒక్కో రెమ్మా తుంచి ఇస్తుంది. దాణా గుళికలు కిలో బరువుకు రోజుకు పాతిక గ్రాములు మించకూడదు. నీళ్లు సీసా గొట్టంలో కంటే బరువైన మట్టిమూకుడులో పోస్తే హాయిగా, ఎక్కువగా తాగుతుంది.

రోహిణి కార్తెలో

పదిహేను నుంచి ఇరవై రెండు డిగ్రీల మధ్య కుందేలుకు సుఖంగా ఉంటుంది. ముప్ఫై దాటితే ప్రమాదం మొదలు. మరి రామగుండంలో, విజయవాడలో, నంద్యాలలో మే నెల ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. తెలుగు నేల మీద కుందేలును పెంచడమంటే సగం వేసవిని దాటించడమే.

దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి చల్లబడటం కుక్కకు వచ్చినంతగా రాదు. ఒంట్లో వేడిని ఎక్కువగా ఆ పొడుగాటి చెవుల రక్తనాళాల గుండానే వదులుతుంది. అందుకే ఫ్యాను గాలి మనకు ఇచ్చినంత ఊరట దానికి ఇవ్వదు. ఆరే చెమటే లేదు కదా! ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది, అంటే చాలా ఇళ్లలో ఉత్తరపు గదో, కింది అంతస్తో, దానికే ఇవ్వాలి. బాల్కనీలో, మేడ మీద రేకుల కింద బోను పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతే సాయంత్రానికి కుందేలు ఉండదు.

కడప బండల నేల ఉన్న పాత ఇళ్లు ఈ విషయంలో గొప్పవి. టైల్స్ ఇంట్లోనైతే ఓ బండముక్కను రాత్రంతా చల్లబరిచి పొద్దున్నే వేస్తే దాని మీద కాళ్లు చాపి పడుకుంటుంది. నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పాత తుండుగుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. గుడ్డ లేకుండా పెడితే చర్మం దెబ్బతింటుంది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టడం తెలంగాణలో, రాయలసీమలో బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి అక్కడ తేమ పెంచడం కంటే గాలి ఆడనివ్వడం ముఖ్యం. చేతివేళ్లను చల్లటి నీళ్లలో ముంచి చెవుల వెనక తడపవచ్చు. ఒళ్లంతా నీళ్లు పోయడం, బకెట్లో ముంచడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. భయానికే కుప్పకూలిపోతుంది, లోపలి బొచ్చు ఓ పట్టాన ఆరదు. అసలు కుందేలుకు స్నానం అవసరమే లేదు. పిల్లిలాగే తనను తాను నాక్కుని శుభ్రం చేసుకుంటుంది.

చెవులు వేడెక్కి ఎర్రబారి, ముక్కు తడిసి, పక్కకు ఒరిగి వేగంగా ఊపిరి తీస్తుంటే అది వడదెబ్బ. ఐసుతో కాకుండా చల్లని నీళ్లతో చెవులు తడుపుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

వానాకాలంలో ఇంకో ముప్పు ఈగ. తోక కింద తడిగా, మురికిగా ఉంటే ఈగ అక్కడే గుడ్లు పెడుతుంది. గంటల్లోనే పురుగులు పుట్టి చర్మాన్ని తొలిచేస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో పూటకోసారి దాని వెనక భాగం చూడాల్సిందే.

బోను కాదు, చోటు

కుందేలును ఇంట్లో స్వేచ్ఛగా తిరగనిచ్చి పెంచే పద్ధతికి అమెరికాలో 1980ల్లో ఊపొచ్చింది. 1985లో మారినెల్ హారిమన్ రాసిన చేతిపుస్తకం, 1988లో కాలిఫోర్నియాలో మొదలైన హౌస్ ర్యాబిట్ సొసైటీ దానికి దారివేశాయి. బ్రిటన్‌లోని ర్యాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు అవసరమంటుంది. మన దుకాణాల్లో కుందేలుతో పాటు అంటగట్టే తీగల బోను ఇందులో ఏ మూలకూ రాదు. పైగా కుందేలు పాదాలకు కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు మెత్తటి దిండ్లు ఉండవు, బొచ్చే ఉంటుంది. తీగల నేల మీద రోజంతా నిలబడితే ఆ బొచ్చు ఊడి, మడమలు పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీదేమో కాళ్లు జారిపోతాయి. పాత జంపఖానాలో, ఈతచాపలో పరిస్తే సరి. చాపను కొంచెం కొరికినా ప్రమాదం లేదు.

అపార్ట్‌మెంటులో హాలు మూల ఒకటి అడ్డుగోడతో కట్టి, కరెంటు వైర్లన్నీ పైకెత్తేసి లేదా గొట్టాల్లోంచి పంపి, దాగడానికి ఓ అట్టపెట్టెను రెండు ద్వారాలతో కోసి పెడితే కుందేలుకు ఇల్లు కుదిరినట్టే. తన గడ్డం కింద ఉన్న గ్రంథులతో సోఫా కాలికీ, బల్ల అంచుకూ, మీ పాదాలకూ వాసన రాస్తుంది. ఇవన్నీ నావేనని ముద్ర వేయడమన్న మాట.

మలమూత్రాలకు ఓ మూలను అదే ఎంచుకుంటుంది. అక్కడే ట్రే పెట్టి, పాత పేపర్లు పరిచి, గడ్డిబుట్ట దాని పక్కనే పెట్టాలి. గడ్డి నములుతూనే పెంటికలు వేయడం దాని అలవాటు. రోజుకు 200 నుంచి 300 దాకా వేస్తుంది. వాసన రాని, ఎండు ఉండలు. ఊడ్చేయడం తేలిక. మూత్రం ఒక్కోసారి నారింజ రంగులో, ఎర్రగా ఉంటే రక్తమని గాభరా పడతారు. తిన్న ఆకుల వల్ల కూడా ఆ రంగు వస్తుంది. రంగు అలాగే కొనసాగినా, మూత్రానికి ముక్కుతున్నా డాక్టరుకు చూపించాలి.

‘రెండూ ఆడవే’ అన్నారు

కుందేలు ఒంటరిగా ఉండలేదు. జంటగా ఉంటేనే దానికి ధైర్యం, ఆట, నిద్ర. కానీ చిన్న వయసులో ఆడా మగా తేడా గుర్తుపట్టడం కష్టం. దుకాణంలో ‘రెండూ ఆడవే’ అన్న మాట నమ్మి తెచ్చుకున్న ఇంట్లో నాలుగైదు నెలలకే మూలన బొచ్చుగూడు కనిపిస్తుంది. గర్భకాలం సుమారు 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. మగదాన్ని వేరు చేయకపోతే ఏడాది తిరిగేసరికి ఇల్లు చాలదు. అలా పుట్టినవాటిని పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో వదిలి వచ్చేవాళ్లున్నారు. పెంపుడు కుందేలుకు అడవి తెలియదు. కుక్కలకో, పిల్లులకో ఆ రాత్రే దొరికిపోతుంది.

పిల్లలు పుట్టాక ఇంకో భయం. తల్లి గూటి వైపు పోవడమే లేదు, పాలివ్వడం లేదని ఇంట్లో అందరూ హడలిపోతారు. కుందేలు తల్లి రోజుకు ఒక్కసారే, చాలాసార్లు తెల్లవారక ముందే, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. వాసన పట్టి శత్రువు గూటికి రాకూడదని దాని ఏర్పాటు. పొద్దున్నే పిల్లల పొట్టలు గుండ్రంగా, బిగుతుగా ఉంటే పాలు తాగినట్టే. గేదెపాలు పట్టాల్సిన పనిలేదు. పదో పన్నెండో రోజుకు కళ్లు తెరుస్తాయి.

ఇల్లు కుందేళ్లతో నిండిపోకుండా అసలు మార్గం సంతానం కలగకుండా చేసే ఆపరేషన్. మగదానికి చిన్న పని. ఆడదానికి పెద్దదే అయినా చేయించడం దాని ప్రాణం కోసమే. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటినవాటిలో సగానికి మించి వస్తుంది. కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవమున్న డాక్టరే చేయాలి. మనకూ కుక్కలకూ చెప్పినట్టు ముందురోజు నుంచి కడుపు మాడ్చమని చెబితే ఆ డాక్టరుకు కుందేళ్ల అలవాటు లేదనే లెక్క. వాంతి చేసుకోని జంతువుకు ఆ ఉపవాసం అక్కర్లేదు, పేగులు ఆగితే ముప్పు కూడా. మగదానికి ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆడదానికి దూరంగానే ఉంచాలి. కొత్త తోడును తెచ్చినప్పుడు కూడా ఒక్కసారే కలిపేయకూడదు. రెండిట్లో దేనికీ సొంతం కాని గదిలో, కొద్దికొద్దిసేపు, పక్కనే కూర్చుని పరిచయం చేయాలి.

చేతులు, చూపులు

కుందేలును చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో, మాంత్రికుల ప్రదర్శనల్లో చూసి నేర్చుకున్న క్రూరత్వం. ఇక చాలు, మానేయాలి. దాని ఎముకలు చాలా తేలిక. వెనక కాళ్ల కండరాలు చాలా బలమైనవి. గాల్లో వేలాడుతూ తన్నుకుంటే తన్ను బలానికే వెన్నెముక విరిగిపోతుంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద ఆనించి, మన ఒంటికి అదుముకుని ఎత్తాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు అసలు ఎత్తకూడదు. వాళ్లకు చెప్పాల్సిన ఆట వేరు. నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చో, చేతిలో కొత్తిమీర రెమ్మ పట్టుకో, అదే వచ్చేదాకా కదలకు. మొదట్లో రాదు. రోజులు పడుతుంది. వచ్చి ఒళ్లో కాళ్లు పెట్టిన నాడు ఆ పిల్లకు కలిగే ఆనందం కొనిచ్చే ఏ బొమ్మలోనూ లేదు. మా అమ్మాయికి గబగబా మాట్లాడే అలవాటు, గట్టిగా నవ్వే అలవాటు. కుందేలు దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం తనంతట తనే గొంతు తగ్గిస్తుంది. ఎవరం చెప్పలేదు.

ఎందుకు తగ్గించాలో కుందేలు చూపే చెబుతుంది. రెండు పక్కలా ఉన్న కళ్లతో వెనక నుంచి వచ్చేదీ, పైనుంచి దూకేదీ చూడగలదు. సరిగ్గా ముక్కు ముందున్నదే కనిపించదు. అందుకే ముక్కు దగ్గరికి హఠాత్తుగా చెయ్యి పెడితే ఉలిక్కిపడి కొరుకుతుంది. పక్క నుంచి, నుదుటి మీద నిమరాలి. మెత్తగా పళ్లు నూరుతూ కళ్లు మూస్తే సుఖంగా ఉన్నట్టు. గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పితే పట్టలేని సంతోషం. వెనక కాలితో నేలను ‘ధన్’మని తన్నితే ఎక్కడో అపాయం పసిగట్టింది, లేదా మీ మీద కోపం వచ్చింది.

వేటాడే జంతువులకు ఎర అయిన ప్రాణి నొప్పిని దాచుకుంటుంది. అడవిలో కుంటుతున్నదే ముందు దొరుకుతుంది కాబట్టి, ఇంట్లో కూడా ఆ స్వభావం పోదు. కుక్క మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది. కుందేలు మూల కూర్చుంటుంది. వీపు గూనిగా, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా పటపటలాడిస్తూ, పెట్టింది ముట్టకుండా కూర్చుంటే అది నిద్ర కాదు, కడుపునొప్పి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరం. రేపు పొద్దున చూద్దామనుకుంటే ఆలస్యమైపోవచ్చు. వాము నీళ్లు, ఇంగువ, ఆముదం పట్టవద్దు.

మందుల విషయంలో మరీ జాగ్రత్త. ఇంట్లో పిల్లలకు వాడి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఓ చుక్క పోద్దామనుకునేవాళ్లుంటారు. నోటి ద్వారా ఇచ్చే ఆ జాతి మందులు కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి దాన్నే చంపేస్తాయి. కుక్కల మీద పేల కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషం. మన దగ్గర చాలా తరచుగా వచ్చేది గజ్జి. చెవుల్లో పొరలు పొరలుగా పక్కు, ముక్కు అంచున, గోళ్ల చుట్టూ తెల్లటి పొలుసు. దానికి వేపనూనె, కిరసనాయిలు పూస్తారు. అది నాక్కుంటుంది, ఇంకా జబ్బు పడుతుంది. డాక్టరు సరైన మోతాదులో మందిస్తే కొద్ది వారాల్లో పూర్తిగా పోయే రోగం అది.

ఏ డాక్టరు? కుక్కలూ గేదెలూ చూసే అందరికీ కుందేలు వైద్యం అలవాటు ఉండదు. కుందేలు రాకముందే వెతికి పెట్టుకోవాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్, కోరుట్ల, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరుల్లో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఎవరికి కుందేళ్ల అనుభవం ఉందో అక్కడ అడిగితే తెలుస్తుంది. రాత్రివేళ ఎవరు పలుకుతారో కూడా ముందే కనుక్కోవాలి.

ఎవరి పని వాళ్లది

కుందేలు పగలంతా కునుకు తీసి, తెల్లవారుజామునా సాయంత్రమూ హుషారుగా తిరుగుతుంది. అంటే ఇంట్లో మనం ఉండే వేళలే దానికీ పండుగ వేళలు. తెల్లవారక ముందే లేచే తాతయ్య ఉంటే రాత్రి పెంటికలు పడ్డాయా, గడ్డి తగ్గిందా అని చూసే పని ఆయనదే కావాలి. అంతకంటే ముఖ్యమైన పని ఇంట్లో మరొకటి లేదు. నీళ్లు మార్చడం, గడ్డి నింపడం బడికి వెళ్లే పిల్లలు చేయగలరు. ట్రే శుభ్రం చేయడం నాన్నకు, ఆకులు కడగడం కూర కడిగేవాళ్లకు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గోళ్లు తీయడం, బొచ్చు రాలే కాలంలో రోజూ దువ్వడం పెద్దలు ఇద్దరు కలిసి చేయాల్సిన పనులు. పిల్లలు మరిచిపోతారు. పరీక్షలొస్తాయి, క్రికెట్ వస్తుంది. ‘నువ్వే కావాలన్నావు, నువ్వే చూసుకో’ అని పెద్దలు పంతం పట్టి గడ్డి వేయకుండా ఊరుకుంటే ఆ శిక్ష పిల్లాడికి పడదు, కుందేలుకు పడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లడం ఒక పరీక్ష. బస్సులో ఎనిమిది గంటలు కుందేలుకు నరకం. ఇంట్లోనే ఉంచి, పక్కింటి పిన్నిగారు రెండుపూటలా వచ్చేలా చూసుకోవడం నయం. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, డాక్టరు నంబరు, పెంటికలు పడకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ కాగితం మీద రాసి తలుపుకు అంటించాలి. దీపావళికి మాత్రం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. టపాసుల మోతకు బోనులో అటూ ఇటూ కొట్టుకుని గాయపడతాయి, ఆ భయానికే పేగులు ఆగిపోతాయి. లోపలి గదిలో కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, దాగడానికి పెట్టె, నిండా గడ్డి, పక్కన తెలిసిన మనిషి. అంతకు మించి చేయగలిగింది లేదు. అది చేస్తే చాలావరకు తట్టుకుంటాయి.

ఆరేళ్లు దాటాక పనులు మారతాయి. కీళ్లు పట్టేస్తాయి కాబట్టి ట్రే అంచు ఒకవైపు తగ్గించాలి, చాప మీద ఇంకో మెత్తటి గుడ్డ వేయాలి. వెనక భాగం తనే శుభ్రం చేసుకోలేకపోతే గోరువెచ్చని తడిగుడ్డతో మనమే తుడిచి ఆరబెట్టాలి. వారానికోసారి వంటింటి తూకం మీద కూర్చోబెట్టి బరువు రాసుకోవాలి. కంటికి కనిపించని రోగం అక్కడ ముందుగా తెలుస్తుంది. జంటలో ఒకటి పోతే రెండోది తిండి మానేస్తుంది. పోయినదాన్ని కాసేపు దాని దగ్గరే ఉంచి వాసన చూడనివ్వాలి. ఆ తర్వాతి రోజుల్లో అది తింటోందా, పెంటికలు వేస్తోందా అని మామూలు కంటే రెట్టింపు జాగ్రత్తగా చూసుకోవాలి. కొత్త తోడు వెతికేటప్పుడు చిన్న పిల్లను తేకుండా ఆపరేషన్ అయిన పెద్దదాన్ని చూడటం మంచిది. ఉద్యోగాలు మారుతూ, ఊళ్లు మారుతూ తమ కుందేలును ఎవరైనా మంచివాళ్లకు ఇచ్చేద్దామని వెతుక్కునే కుటుంబాలు ప్రతి నగరంలోనూ ఉన్నాయి.